తూర్పు కేప్ ప్రాంతీయ పత్రికలు

దక్షిణాఫ్రికాలోని తూర్పు కేప్‌లో ప్రాంతీయ పత్రికలకు దాదాపు రెండు శతాబ్దాల చరిత్ర ఉంది. ఊరి పత్రిక పని ఊరి కబుర్లు చేరవేయడమేనని చాలామంది అనుకుంటారు. ఇక్కడి చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. ఊరివాళ్లంటే ఎవరు, ఎవరి కష్టం ఊరందరి కష్టంగా లెక్కకొస్తుంది అన్నది చాలావరకు ఈ పత్రికలే తేల్చాయి. 1820లో బ్రిటిష్ వలసదారులు వెంట తెచ్చుకున్న ముద్రణ యంత్రాన్ని ప్రభుత్వం కేప్ టౌన్‌లోనే లాగేసుకుంది. 1829లో పత్రికా స్వేచ్ఛకు చట్టం అండ దొరికింది. 1831 చివర్లో లూయీ మ్యూరాంట్ గ్రాహమ్స్‌టౌన్‌లో 'గ్రాహమ్స్ టౌన్ జర్నల్' మొదలుపెట్టాడు. తర్వాత సంపాదకుడైన రాబర్ట్ గాడ్లంటన్ దాన్ని సరిహద్దు వలసదారుల గొంతుగా మార్చాడు. ఖోసా ప్రజలతో జరిగిన 1834–35 యుద్ధంలో వలసదారులను బాధితులుగా చూపాడు, ఖోసాల భూములు వలసదారులకే దక్కాలని పట్టుబట్టాడు. అదే నేలమీద తరతరాలుగా బతుకుతున్న ఖోసాలు ఆ పుటల్లో ఊరికి బయటివాళ్లు, శత్రువులు.

ఊరివాళ్లకూ బయటివాళ్లకూ మధ్య గీసిన ఆ గీతను చెరిపే పని కింగ్ విలియమ్స్ టౌన్‌లో జరిగింది. లవ్‌డేల్ మిషన్ పత్రిక 'ఇసిగిదిమి'కి సంపాదకుడిగా పనిచేసిన జాన్ టెంగో జబావు 1884 నవంబరులో 'ఇమ్వో జబంత్సుందు' స్థాపించాడు. ఖోసా, ఇంగ్లీషు భాషల్లో వచ్చిన ఈ వారపత్రిక చదువుకున్న రైతులను, ఉపాధ్యాయులను, ఓటర్లను ఒక ప్రజాసమూహంగా పలకరించింది. ఆస్తి ఉన్న నల్లజాతి పురుషులకు అప్పటి కేప్‌లో ఓటు హక్కు ఉండేది. 1887లో ఓటర్ల నమోదు చట్టం వేలాదిమంది ఖోసాల పేర్లు జాబితానుంచి తీసేసే ప్రయత్నం చేసినప్పుడు, దాన్ని ఎదిరించడానికి ఆ ఓటర్లకంటూ ఒక వేదిక ఉందంటే అది ఇమ్వో చలవే.

ఇమ్వోకు పెట్టుబడి తెల్లజాతి వ్యాపారుల నుంచి వచ్చిందని, 1897లో ఈస్ట్ లండన్‌లో దానికి పోటీగా పుట్టిన 'ఇజ్వి లబంతు' వెనక కేప్ మాజీ ప్రధాని సెసిల్ రోడ్స్ డబ్బుందని, అలాంటివి ప్రజల పత్రికలెలా అవుతాయని విమర్శకులు అడుగుతారు. కాదనలేని ప్రశ్నే ఇది. అయితే డబ్బిచ్చినవారు పాఠకుల విధేయతను కొనలేకపోయారు. నల్లజాతివారు భూమి కొనుక్కునే హక్కును చాలావరకు హరించిన 1913 భూ చట్టాన్ని జబావు సమర్థించాడు. అంతకాలం తనను మోసిన పాఠకుల్లో ఎంతోమంది నమ్మకాన్ని దాంతో పోగొట్టుకున్నాడు. పత్రిక పోషకులది కావచ్చు, దాని పరువు మాత్రం పాఠకుల చేతిలో ఉంది. ఏ భాషలో అచ్చేస్తే ఎవరు లోపలికొస్తారన్నది కూడా పెద్ద విషయమే. నేటాల్‌లో 1903లో భారతీయుల కోసం వెలువడిన 'ఇండియన్ ఒపీనియన్' మొదట ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళాల్లో వచ్చింది. మద్రాసు రేవునుంచి వెళ్లిన కూలీల్లో ఎందరో తెలుగువారున్నా వారి భాషకు అందులో చోటు దక్కలేదు.

తెల్లవారి పత్రికలు ఆ గీత దాటలేవనడం కూడా సరికాదు. 1872లో మొదలైన ఈస్ట్ లండన్ పత్రిక 'డైలీ డిస్పాచ్' సంపాదకుడు డొనాల్డ్ వుడ్స్ వర్ణవివక్ష ప్రభుత్వాన్ని నిలదీశాడు. 1977 సెప్టెంబరులో నల్లజాతి చైతన్య ఉద్యమ నాయకుడు స్టీవ్ బికో పోలీసు నిర్బంధంలో చనిపోతే ఆ మరణానికి జవాబు చెప్పమని ఒత్తిడి చేశాడు. అక్టోబరులో ప్రభుత్వం అతనిపై నిషేధం విధించింది, ఏడాది చివర అతను లెసోతోకు తప్పించుకున్నాడు.

గ్రాహమ్స్‌టౌన్‌లోనే 1870లో పుట్టిన 'గ్రోకాట్స్ మెయిల్' 1920లో పాత జర్నల్‌ను తనలో కలుపుకుంది. 2003లో రోడ్స్ విశ్వవిద్యాలయం దాన్ని కొని పాత్రికేయ విద్యార్థులకు శిక్షణ స్థలంగా మార్చింది. ఇంటర్నెట్ వచ్చాక ఇలాంటి పత్రికలతో పనేముందనే వాదన ఉంది. కానీ పురపాలక సమావేశంలో చివరిదాకా కూర్చుని, నీళ్లు ఎందుకు రావడం లేదో అడిగి రాయడం జీతమిచ్చి చేయించాల్సిన పని. ఊరి పేరైతే మారింది: 1819లో ఆ ఊరిమీద దాడి చేసిన ఖోసా నాయకుడి పేరుతో 2018లో గ్రాహమ్స్‌టౌన్ మఖాండా అయింది. కానీ ఊళ్లో అత్యధికులది ఖోసా భాష, ప్రధానంగా ఇంగ్లీషులో నడిచిన పత్రిక వారందరికీ చెందాలంటే మారాల్సింది ఇంకా చాలా ఉంది.