హైదరాబాద్ నుంచి షికాగో: కిలోమీటర్లు, గంటలు

శంషాబాద్ విమానాశ్రయం నుంచి షికాగో ఓహేర్‌కు భూగోళం మీద అతి దగ్గరి దారి దాదాపు 13,280 కిలోమీటర్లు. ఆ దారి ఢిల్లీ వైపుగా ఉత్తరానికి సాగి, మధ్య ఆసియా, ఉరల్ ప్రాంతం దాటి, ఆర్కిటిక్‌లో 79వ అక్షాంశం దాకా ఎక్కి, గ్రీన్‌లాండ్, కెనడాల మీదుగా కిందికి దిగుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కో ఇంకో 250 కిలోమీటర్లు ఎక్కువ.

1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో ఐటీ భవనం సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి నగరానికి ఉన్నది నిజాం కాలపు బేగంపేట విమానాశ్రయమే. అమెరికా వెళ్లే ఇంజనీరు ముందు వీసా కోసం చెన్నై కాన్సులేట్‌కు వెళ్లాల్సి వచ్చేది. ఆపై చాలామందికి ముంబయిలోనో ఢిల్లీలోనో ఒకసారి, యూరప్‌లో మరోసారి విమానం మారక తప్పేది కాదు. లండన్ మీదుగా లెక్కేసినా షికాగో దూరం 14,090 కిలోమీటర్లే. అదనంగా పడే 800 కిలోమీటర్లకు గాలిలో గంట చాలు. మిగతా ఆలస్యమంతా నేల మీదిది: టెర్మినల్ మారడం, సామాను మళ్లీ అప్పగించడం, తెల్లవార్లూ కుర్చీలో కునికిపాట్లు.

ఆ నేల మీది గంటలు తగ్గడం 2008లో మొదలైంది. మార్చి 23న 4,260 మీటర్ల రన్‌వేతో శంషాబాద్ పనిచేయసాగింది. అక్టోబరులో బేగంపేట పైగా ప్యాలెస్‌లో అమెరికా కాన్సులేట్‌కు ప్రారంభోత్సవం జరిగింది. డిసెంబరులో బ్రిటిష్ ఎయిర్‌వేస్ నేరుగా లండన్‌కు విమానం వేసింది. విచిత్రమేమిటంటే, ఇదే ఏడాది సైబర్ టవర్స్ ఉన్న హైటెక్ సిటీకి విమానాశ్రయం మాత్రం దూరమైంది: బేగంపేటకు పోయినట్టు శంషాబాద్‌కు పోవడం కుదిరేది కాదు. గచ్చిబౌలి నుంచి అవుటర్ రింగ్ రోడ్డు తెరుచుకున్నాకే ఆ దారి సులువైంది. మెహిదీపట్నం వైపు వారికి 2009 అక్టోబరులో పీవీ ఎక్స్‌ప్రెస్‌వే అందివచ్చింది.

మధ్యలో ఎక్కడా దిగకుండా అమెరికా చేరడం 2021 జనవరి 15న సాధ్యమైంది. ఎయిర్ ఇండియా 238 సీట్ల బోయింగ్ 777-200ఎల్ఆర్‌ను వారానికొకసారి షికాగోకు నడిపింది. ప్రయాణం దాదాపు 16 గంటల 45 నిమిషాలు. గడియారాల తేడా వల్ల మధ్యాహ్నం భోజనం వేళ ఎక్కినవారు అదే రోజు సాయంత్రానికి దిగేవారు.

ఆ సర్వీసు ఎక్కువ కాలం నిలవలేదు. అంత దూరం పోయే విమానం, మోస్తున్న ఇంధనాన్ని మోయడానికే ఎంతో ఇంధనం కాలుస్తుంది. పైగా హైదరాబాద్ ప్రయాణికులు ఒక్క షికాగోకే పోరు. డల్లాస్, సియాటిల్, న్యూజెర్సీ, బే ఏరియా, ఇలా తలో దిక్కు. అన్ని ఊళ్లవారినీ ఒకచోట పోగేసి పంచే దుబాయ్, దోహా విమాన సంస్థలకు ఇదే కలిసొచ్చింది. దుబాయ్ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కోకు 2,000 కిలోమీటర్లకు పైగా చుట్టు. అయినా దుబాయ్‌కి నాలుగు గంటలు, అక్కడి నుంచి దాదాపు పదహారు, మధ్యలో నిరీక్షణ కలిపి ఇరవై మూడు, ఇరవై నాలుగు గంటల్లో గమ్యం చేరవచ్చు.