పేరు తెలియని పెట్టె: మన ఇళ్లలోకి వచ్చిన తొలి కంప్యూటరు

స్వర్ణోత్సవ సంచికలో గురువుల గురించి, స్నేహాల గురించి మిత్రులు ఎలాగూ రాస్తారు. ఇంజనీరును కాబట్టి నేనొక వస్తువు చరిత్ర రాస్తున్నాను. 1990లలో ఖమ్మంలోనూ, మన ఖానాపురం హవేలిలోనూ కొందరి ఇళ్లలో టీవీ పక్కన చేరిన ‘వీడియో గేమ్’ పెట్టె అది. చదువు చెడగొట్టే వస్తువని పెద్దలు దాన్ని అటకెక్కించారు. కానీ అది నిజమైన కంప్యూటరు. మనలో చాలామంది చేతికి అందిన మొదటి కంప్యూటరు కూడా అదే.

దాని మూలం జపాన్‌లో ఉంది. నింటెండో సంస్థ 1983 జూలై 15న ‘ఫ్యామికామ్’ను విడుదల చేసింది. దాని రూపకల్పనకు నాయకత్వం వహించిన ఇంజనీరు మసయుకి ఉయెమురా. బొటనవేలితో నొక్కే కూడిక గుర్తు మీటను అంతకుముందే, 1982లో, అదే సంస్థకు చెందిన గున్‌పెయి యోకోయి చేతి ఆటబొమ్మ కోసం రూపొందించారు. మన బజార్లకు వచ్చినవి ఎక్కువగా ఈ యంత్రానికి నకళ్లు. లిటిల్ మాస్టర్ వంటి పేర్లతో అమ్మేవారు. అసలు తయారుచేసినవారి పేరు మనకు చేరనే లేదు.

లోపలి సరుకు చూస్తే ఇప్పటికీ ఆశ్చర్యమే. ప్రాసెసరు వేగం సెకనుకు సుమారు 18 లక్షల క్లాక్ స్పందనలు. పని చేసుకునే మెమరీ 2 కిలోబైట్లు మాత్రమే. ‘సూపర్ మారియో’ ఆట మొత్తం 40 కిలోబైట్లలో ఇమిడింది. ఒక అడ్డగీతపై ఎనిమిది కదిలే బొమ్మ ముక్కలనే ఆ చిప్పు చూపగలదు. తెరపై శత్రువులు ఎక్కువైతే బొమ్మలు మినుకుమినుకుమనేది అందుకే. టీవీ చెడిపోయిందని మనం దాని నెత్తిన కొట్టేవాళ్లం!

కార్ట్రిడ్జిని మనం ‘క్యాసెట్’ అనేవాళ్లం. దానికి 60 పిన్నులు. ఆడకపోతే నోటితో ఊదేవాళ్లం. నిజానికి ఊదడం వల్ల కాదు, తీసి మళ్లీ పెట్టినప్పుడు పిన్నులు సరిగా తగలడం వల్లే అది పనిచేసేది. నోటి తడి పిన్నులకు తుప్పు పట్టించేది కూడా. పైన ‘9999 ఆటలు’ అని రాసి ఉన్నా, లోపల కొన్ని ఆటలే మళ్లీ మళ్లీ వచ్చేవి.

అన్నిటికంటే తెలివైనది తుపాకీ. అది తెరపైకి ఏమీ పంపదు, తెర వెలుగును అందుకుంటుంది. మీట నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్లని చతురస్రం వెలుగుతుంది. తుపాకీలోని సెన్సరుకు ముందు చీకటి, వెంటనే వెలుగు కనబడితేనే గురి తగిలినట్టు. పిక్చర్ ట్యూబు గీతగీతగా వెలిగే తీరును నమ్ముకుని చేసిన పరికరం కాబట్టి, నేటి పలుచని టీవీల ముందు అది పనిచేయదు. తోడు పోతే పనిముట్టు కూడా మూగబోతుంది.

మూత స్క్రూలు విప్పితే పెట్టె గుట్టు బయటపడేది. అడాప్టరు నుంచి వచ్చే వోల్టేజీని 5 వోల్టులకు దించే రెగ్యులేటరు, చిత్రాన్ని టీవీ ఛానెల్‌గా మార్చే చిన్న రేకు డబ్బా, తెగిన జాయ్‌స్టిక్ తీగ అన్నీ కంటికి కనబడేవి. రేడియో మెకానిక్ టంకం వేస్తే తీగ మళ్లీ పనిచేసేది. నేటి పిల్లల చేతిలోని ఫోను ఎన్నో రెట్లు శక్తిమంతమైనది. అయితే విప్పి చూసే వీలు చాలావరకు లేదు. విప్పి చూడని వస్తువుపై ప్రశ్న పుట్టడం కష్టం.

అందుకే మిత్రులకు ఒక విన్నపం. మీ అటకపై అలాంటి పెట్టె, క్యాసెట్లు, తుపాకీ ఉంటే పాత సామాన్ల వాడికి వేయకండి. మన పాఠశాల సైన్సు గదికి ఇవ్వండి. పనిచేసే పాత టీవీ ఒకటి కూడా కావాలి. టీవీని మాత్రం పిల్లలు విప్పకూడదు, ప్లగ్గు తీశాక కూడా లోపల ప్రమాదకరమైన వోల్టేజీ నిలిచి ఉంటుంది. పెట్టెను మాస్టార్ల ఎదుట విప్పనిద్దాం. పక్కన ఉయెమురా, యోకోయి పేర్లు రాసిన చీటీ పెడదాం. మనకు ఆలస్యంగా తెలిసిన పేర్లు వారికి ముందే తెలియాలి.