సాఫ్ట్‌వేర్ వ్యవస్థల నిర్మాణంలో స్ట్రక్చర్డ్ పద్ధతులు

కంప్యూటర్ వ్యవస్థ ఏం చేయాలో ముందుగా పటాల్లో, పట్టికల్లో తేల్చుకుని, పనిని చిన్న భాగాలుగా విడగొట్టి, ఆ తర్వాతే ప్రోగ్రాం రాయడానికి దిగే విధానాలను స్ట్రక్చర్డ్ పద్ధతులు అంటారు. 1970, 1980 దశకాల్లో ఇవి విస్తృతంగా వాడుకలో ఉండేవి.

యంత్రాల శక్తి పెరిగినకొద్దీ ప్రోగ్రాములూ పెరిగాయి, గడువులూ ఖర్చులూ అదుపు తప్పాయి. ఈ చిక్కులనే 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఏర్పాటు చేసిన సమావేశం చర్చించింది. వరుసక్రమం, ఎంపిక, పునరావృతం అనే మూడు నిర్మాణాలు చాలు, ఏ ప్రోగ్రామైనా రాయవచ్చని పరిశోధకులు బోమ్, యాకోపీనీలు 1966లోనే నిరూపించి ఉన్నారు. ప్రోగ్రాం నడకను అంతుచిక్కకుండా చేసే ‘గోటూ’ ఆదేశాన్ని వదిలేయాలని 1968లో డచ్ శాస్త్రవేత్త ఎడ్స్గర్ డైక్‌స్ట్రా గట్టిగా వాదించాడు.

కోడ్‌లో మొదలైన ఈ క్రమశిక్షణ డిజైన్‌కూ పాకింది. ఒక్కో మాడ్యూల్ (ప్రోగ్రాం భాగం) లోపల పొందిక గట్టిగా ఉండాలని, మాడ్యూళ్లు ఒకదానిపై ఒకటి ఆధారపడటం తగ్గాలని 1974లో స్టీవెన్స్, మైయర్స్, కాన్‌స్టంటైన్ ప్రతిపాదించారు. ఈ సూత్రానికి ఇప్పటికీ కాలదోషం పట్టలేదు.

1970ల చివర్లో టామ్ డిమార్కో, గేన్, సార్సన్‌ల పుస్తకాలు డేటా ఫ్లో డయాగ్రమ్‌కు ప్రాచుర్యం తెచ్చాయి. ఈ పద్ధతులన్నిటిలో విలువైన కానుక ఇదే. సమాచారం ఎక్కడి నుంచి వస్తుంది, ఏ పనిలో ఎలా మారుతుంది, ఎక్కడ నిల్వ ఉంటుంది, ఎవరికి చేరుతుంది అన్నది అందులో బాణాలతో కనిపిస్తుంది. బిల్లుల విభాగంలో పనిచేసే గుమస్తాకు ప్రోగ్రామింగ్ రాకపోయినా, ఆ పటం చూసి ‘ఈ కాగితం ముందు లెక్కల విభాగానికి వెళ్లాలి’ అని తప్పు పట్టుకోగలడు. తప్పు కాగితం మీద ఉండగానే దిద్దడం చాలా చవక.

బ్రిటన్ ప్రభుత్వం తన కంప్యూటర్ ప్రాజెక్టుల కోసం ఎస్‌ఎస్‌ఏడీఎం అనే పద్ధతిని రూపొందింపజేసి, 1983 నుంచి తప్పనిసరి చేసింది. అందులో ఒకే వ్యవస్థను మూడు వైపుల నుంచి చూసేవారు: డేటా అమరిక, డేటా ప్రవాహం, కాలక్రమంలో డేటాకు జరిగే మార్పులు. ఒక పటంలో తప్పిపోయిన విషయం మరోదానితో పోల్చినప్పుడు బయటపడేది. అయితే ఒక్కో దశను ఆమోదించాకే తర్వాతి దశకు వెళ్లాల్సి ఉండేది. అవసరాలు మధ్యలో మారితే పత్రాల కట్టలన్నీ తిరగరాయాల్సి వచ్చేది.

1990ల్లో ఆబ్జెక్ట్ ఆధారిత విధానాలు ముందుకొచ్చాయి. సమగ్ర పత్రాల కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కే ఎక్కువ విలువ ఇవ్వాలని 2001 నాటి అజైల్ ప్రకటన చెప్పింది. డేటా ఫ్లో డయాగ్రమ్ మాత్రం పోలేదు. దాడి ఏ దారిన రావచ్చో పసిగట్టడానికి భద్రతా నిపుణులు నేటికీ దాన్నే గీస్తున్నారు.