షెంగెన్ వీసాల్లేని రోజుల్లో ఐరోపా చూసొచ్చిన ఆలుమగలు

మాది ప్యాపిలి. ఆ పేరు వినలేదంటారేమో గానీ, హైదరాబాదు-బెంగుళూరు బస్సుల్లో తిరిగే సాఫ్ట్‌వేరు జనంలో మా ఊరు దాటని వాళ్ళు తక్కువ. డోన్‌కీ గుత్తికీ మధ్యలో ఉంటుంది. కాకపోతే అర్ధరాత్రి కాబట్టి మీరు నిద్రలో ఉంటారు, అంతే.

ఇప్పుడు మా వైపు కూడా ఆన్‌సైట్ మీద పోయి, భార్యాభర్తలిద్దరూ పారిస్, రోమ్, స్విట్జర్లాండ్ చుట్టి వచ్చినవాళ్ళు ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు దొరుకుతారు. మా ఆవిడా నేనూ కూడా ఆ బాపతే. ఈ సరదా ప్రయాణాలన్నీ ఐటీ జీతాలతోనే మొదలయ్యాయని మనకో గట్టి నమ్మకం. పెద్దవాళ్ళు కూడా "మా కాలంలో ఇవన్నీ యాడివి నాయనా!" అంటారు. నిజమే, వాళ్ళ కాలంలో లేవు. కానీ వాళ్ళ తాతల కాలంలో ఉన్నాయి!

మన దగ్గర ప్రయాణం అంటే మొదట్నుంచీ యాత్రే. "కాశికి పోయినవాడు కాటికి పోయినవాడితో సమానం" అని సామెత. ఏనుగుల వీరాస్వామయ్య సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. 1830 మే 18న ఇంటివాళ్ళతో, పరివారంతో కలిసి సుమారు వందమంది కాశీకి బయల్దేరారు. మా ఆళ్ళగడ్డ పక్కనున్న అహోబిలం, ఆ తర్వాత శ్రీశైలం చూసుకుంటూ హైదరాబాదు మీదుగా పోయారు. తిరిగి మద్రాసు చేరింది 1831 సెప్టెంబరు 3న. అంటే పదిహేను నెలల పైమాటే. ఆయన 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. దారిలో ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయో, ఏ బాట ఎలా ఉందో అన్నీ రాసుకున్నాడు. చూడ్డానికి మన ట్రిప్ ప్లాన్ ఎక్సెల్ షీటులాగే ఉంటుంది. అయితే ఎంత లోకం చూసినా, ఇంట్లోంచి కదలడానికి ఆయనకి దొరికిన కారణం మాత్రం పుణ్యం.

మరి పుణ్యం ఏమాత్రం రాని, పైగా సముద్రం దాటితే కులమే పోతుందనే చోటికి పోవాలంటే?

పోతం జానకమ్మ రాఘవయ్య అనే తెలుగావిడ 1870ల మొదట్లో భర్తతో కలిసి ఇంగ్లండు వెళ్ళొచ్చింది. అప్పటికి సూయజ్ కాలువ తెరిచి (1869) ఎన్నో ఏళ్ళు కాలేదు. మద్రాసులో ఇంకా హార్బరు లేదు. ఓడ దూరంగా సముద్రంలో నిలబడేది, మసులా పడవల్లో అలల మీద ఎగిరిపడుతూ పోయి ఎక్కాలి. ఆ పడవలకి మేకులుండవు, పలకల్ని కొబ్బరి తాడుతో కుట్టేవాళ్ళు. మనకి ఎయిర్‌బస్ రెండు కుదుపులు కుదిపితేనే దేవుడు గుర్తొస్తాడు, చీర కట్టుకుని ఆ పడవెక్కిన మనిషి ధైర్యం ఎంతో ఊహించుకోండి.

వచ్చాక ఊరుకోలేదు. చూసిందంతా తెలుగులో 'ఆంధ్రభాషా సంజీవని' పత్రికకి రాసింది. తర్వాత తనే ఇంగ్లీషులోకి మార్చుకుని 'పిక్చర్స్ ఆఫ్ ఇంగ్లండ్' పేరుతో 1876లో మద్రాసులో అచ్చేయించింది. బెంగాలీలో ఇలాంటి పుస్తకమే రాసిన కృష్ణభావినీ దాస్ గురించి అందరూ చెప్తారు. ఆ పుస్తకం వచ్చింది 1885లో. మనావిడ అంతకు తొమ్మిదేళ్ళు ముందు. అయినా మన స్కూలు పుస్తకాల్లో నాకెక్కడా ఆ పేరు తగల్లేదు.

హైదరాబాదులో ఇంకో ఇద్దరున్నారు. నిజాం హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన సర్‌బులంద్ జంగ్ భార్య, 1909-10 ప్రాంతంలో భర్తతో ఐరోపా, తురుష్కుల రాజ్యం తిరిగి ఉర్దూలో డైరీ రాసుకుంది. చాలా ఏళ్ళ తర్వాత గానీ అది పుస్తకం కాలేదు. రెండో ఆవిడ సుగ్రా హుమాయూన్ మీర్జా. బారిస్టరు భర్తతో 1924లో ఐరోపా చూసొచ్చి యాత్రాకథనం రాసింది. మెహదీపట్నం దగ్గర హుమాయూన్ నగర్ ఉంది కదా, ఆ పేరు ఆవిడ భర్తదే. అక్కడి సఫ్దరియా బాలికల పాఠశాల పెట్టింది మాత్రం ఆవిడ.

గమనించారా? ముగ్గురు దంపతుల్లోనూ మనకి ప్రయాణం చెప్తున్నది భార్యే. మగవాడు సీమకి పోవడం అప్పటికే కొంత మామూలు: చదువు, కోర్టు, దొరల దర్శనం, ఏదో ఒక పని ఉంటుంది. ఆడమనిషికి మాత్రం పోవడమే పెద్ద వార్త. అందుకే రాసి ఉంటారని నా అనుమానం. ఇప్పుడేమో టికెట్లు, హోటళ్ళు, షెంగెన్ వీసాకి బ్యాంకు స్టేట్‌మెంట్లు, ముప్ఫై వేల యూరోల ఇన్సూరెన్సు... మా ఇంట్లో ఇవన్నీ చూసింది మా ఆవిడ. ఆన్‌సైట్ కాగితాల్లో మాత్రం ఆవిడ హోదా 'డిపెండెంట్'. నూటయాభై ఏళ్ళ తర్వాత మనం సాధించిన పదం ఇది!

ఇంకో మాట చెప్పకపోతే ఈ చరిత్ర సగమే అవుతుంది. జానకమ్మ పుస్తకం అచ్చయిన 1876లోనే మా సీమలో పెద్ద కరువు మొదలైంది, 1878 దాకా పీడించింది. అంతకు ఐదేళ్ళ ముందే, 1871లో, మద్రాసు-బొంబాయి రైలు దారి పూర్తయి గుత్తి మీదుగా బళ్ళు తిరుగుతున్నాయి. రైలుంది, దగ్గర్లోనే ఉంది, అయినా జనం చచ్చారు. 1881 లెక్కల్లో కర్నూలు జిల్లా జనాభా 1871 కంటే బాగా తగ్గిపోయింది. ఆ రోజుల్లో ఊరొదిలి కూలి వెతుక్కుంటూ నడిచిన ఆలుమగలు కూడా ప్రయాణికులే. వాళ్ళ డైరీలు లేవు. ఇవాళ కడప వైపు నుంచి ఇళ్ళల్లో పనికి కువైటు పోయే ఆడవాళ్ళదీ అదే కథ. మనకంటే ఎక్కువసార్లు విమానం ఎక్కుతారు, కానీ వాళ్ళని 'ట్రావెలర్' అని ఎవరూ అనరు.

చెప్పొచ్చేదేంటంటే, సరదాగా ఊళ్ళు తిరగడం తప్పేం కాదు, కొత్తదీ కాదు. కానీ ఆ ముగ్గురూ వదిలివెళ్ళింది రాత. మనం వదిలేది ఈఫిల్ టవర్ ముందు రెండొందల ఫొటోలు, అవీ ఏ ఫోన్లో ఉన్నాయో మర్చిపోయేవి. ఏం తిన్నాం, ఎంతకి తిన్నాం, ఎవరు పలకరించారు, ఎక్కడ చిన్నబుచ్చుకున్నాం... ఒక పది పేజీలు తెలుగులో రాసి పెట్టండి. మీకు బద్ధకమైతే మీ ఆవిడని రాయమనండి. ఈ విషయంలో వాళ్ళదే అనుభవం ఎక్కువ.