బీమారిస్తాన్‌లలో వైద్య శిక్షణ

నేడు మన దేశంలో ఎం.బి.బి.ఎస్. విద్యార్థి కంటి వైద్యమో, ఎముకల వైద్యమో ప్రత్యేకంగా అభ్యసించాలంటే, ముందు ఒక సంవత్సరం ఆసుపత్రిలోని వివిధ వార్డులలో హౌస్ సర్జన్‌గా పనిచేయాలి. బ్రిటన్‌లో ఇటువంటి సంవత్సరాన్ని 1950 నాటి వైద్య చట్టం తప్పనిసరి చేసింది. సంవత్సరమనే గడువు ఆధునికమైనదే. కాని దాని వెనుకనున్న అవసరాన్ని ఇస్లామీయ నగరాలు వెయ్యేళ్ళ క్రితమే గుర్తించాయి.

హిజ్రీ 319లో (క్రీ.శ. 931) బాగ్దాద్‌లో ఒక వైద్యుని పొరపాటు వలన రోగి మరణించాడు. ఆ సంగతి విన్న ఖలీఫా అల్ ముఖ్తదిర్, సినాన్ ఇబ్న్ సాబిత్ పరీక్షించి అనుమతించనిదే ఎవరూ వైద్యం చేయరాదని ఆజ్ఞాపించాడు. సుప్రసిద్ధులను మినహాయించగా 860 మందికి పైగా పరీక్షకు వచ్చారు. ఎవరు ఏ చికిత్సకు తగినవారో అంతవరకే సినాన్ అనుమతి నిచ్చాడు. వారిలో చదవడం, వ్రాయడం సరిగా రాని ఒక వృద్ధుడున్నాడు. కుటుంబ పోషణకు తనకిదే ఆధారమని ఆయన మొరపెట్టుకున్నాడు. తెలియని వ్యాధి జోలికి పోరాదని, తేలిక జబ్బులకు తప్ప రక్తం తీయించరాదని, విరేచనాల మందు ఇవ్వరాదని షరతు పెట్టి సినాన్ ఆయనను పంపివేశాడు. పరీక్ష హద్దులు గీయగలిగింది గాని, వైద్యుణ్ణి తయారు చేయలేకపోయింది.

ఆ పని చేయగలిగినవి బీమారిస్తాన్‌లు, అనగా ఆసుపత్రులు. విద్యార్థి నిత్యం ఆసుపత్రిలో, అనుభవజ్ఞులైన గురువుల చెంత ఉండి రోగులను పరిశీలించాలని పదవ శతాబ్దపు వైద్యుడు అలీ ఇబ్న్ అబ్బాస్ బోధించాడు. పన్నెండవ శతాబ్దంలో నూరుద్దీన్ జంగీ డమాస్కస్‌లో కట్టించిన నూరీ ఆసుపత్రి ఈ పద్ధతికి ప్రసిద్ధి పొందింది. అక్కడి ప్రఖ్యాత వైద్యుడు అద్దఖ్వార్ (మరణం 1230) మొదట కంటి వైద్యుడే. అయినా ఆయన అక్కడితో ఆగక సమగ్ర వైద్యాన్ని అభ్యసించాడు. ఆయన శిష్యుడు, వైద్యుల చరిత్రకారుడు ఇబ్న్ అబీ ఉసైబిఅ (మరణం 1270) తండ్రి కూడా కంటి వైద్యుడే. కుమారుడు మాత్రం గురువుల వెంట వార్డులలో తిరిగి, అన్ని రకాల రోగులను చూచి నేర్చుకున్నాడు.

ఒక అవయవానికి చికిత్స చేసేవానికి మొత్తం మనిషి తెలియాలన్నదే ఇందులోని సారాంశం. హౌస్ సర్జన్ సంవత్సరాన్ని పై చదువుల ప్రవేశపరీక్షకు దొరికిన తీరికగా భావించేవారు నేడు లేకపోలేదు. పుస్తకం చదివి పరీక్షలో నెగ్గవచ్చు. కాని బాగ్దాద్‌లో ఆనాడు ప్రాణం పోయింది పరీక్ష గదిలో కాదు, రోగి పడక వద్ద.