జీతానికి బదులు ఊళ్లు: చందూలాల్ ఖాందాన్ కథ

శాలిబండ దగ్గర చందూలాల్ బేలా అని ఒక బస్తీ ఉంది. జూపార్క్ వైపు పోతే చందూలాల్ బారాదరి అని ఇంకోటి. ఎవరీ చందూలాల్? ఈరోజు ఆయన సంగతే మాట్లాడుకుందాం.

ముందు జాగీరు అంటే ఏంటో చూద్దాం. చాలామంది సొంత ఆస్తి అనుకుంటారు. అసలైతే అది జీతం. నిజాం నగదు ఇచ్చే బదులు, ఫలానా ఊళ్ల శిస్తు నువ్వే వసూలు చేసుకో అని సనదు రాసిచ్చేవాడు. మనిషి పోతే ఊళ్లు సర్కారుకు వాపసు రావాలి, రూలు అదే. కానీ కొడుకు వచ్చి నజరానా కట్టి, విరాసత్ మంజూరు చేయించుకునేవాడు. అలా జీతం కాస్తా వారసత్వం అయింది!

చందూలాల్ కుటుంబం ఖత్రీలు. అక్బరు దగ్గరున్న తోడరుమల్లు మా పూర్వీకుడని చెప్పుకునేవాళ్లు. ఆయన 1806లో పేష్కారు అయ్యాడు. దివాన్ పేరుకే, పని నడిపింది ఈయనే. 1832 నుంచి 1843 దాకా ప్రధానమంత్రి కూడా. ఇంగ్లీషు అధికారుల చేతిలో ఉన్న కంటింజెంట్ సైన్యానికి జీతాలివ్వడానికి పామర్ కంపెనీ దగ్గర భారీ వడ్డీకి అప్పులు చేశాడు. 1820లో ఒక్కటే 60 లక్షల అప్పు! అది తీర్చాలంటే తాలూకాల వసూళ్లు గుత్తకివ్వాలి. గుత్తేదారు తను పెట్టింది ఎవరి దగ్గర లాగుతాడు? రైతు దగ్గరే కదా.

ఆ వంశంలోనే మహారాజా కిషన్ పెర్షాద్ (1864–1940). తాత నరేందర్ పెర్షాద్‌కు కొడుకులు లేకపోవడంతో కూతురి కొడుకైన ఈయనకు వారసత్వం దక్కింది. 1901లో ప్రధాని, మళ్లీ 1926 నుంచి 1937 వరకు. 'షాద్' పేరుతో ఉర్దూ కవిత్వం రాశాడు. కారులోంచి చిల్లర వెదజల్లేవాడని పాతబస్తీలో ఇప్పటికీ చెప్తారు. దానగుణం నిజమే, కాదనను. కానీ ఆ చిల్లర ఏ ఊళ్ల శిస్తులోంచి వచ్చింది? రీల్స్‌లో ఆ ముక్క ఎవరూ చెప్పరు.

అప్పట్లో హైదరాబాద్ రాజ్యంలో దాదాపు మూడో వంతు జాగీర్ల కిందే. పెద్ద జాగీర్దార్లకు సొంత పోలీసు, సొంత కచేరీ. రైతు ఫిర్యాదు చేసుకోవాలన్నా వాళ్ల దగ్గరికే పోవాలి. 1949 ఆగస్టు 15న జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వచ్చింది. జాగీర్దార్లకు పరిహారం వాయిదాల మీద ముట్టింది. ఊళ్లలో దేశ్‌ముఖ్‌లు మాత్రం అలాగే ఉన్నారు, వాళ్ల భూములతో సహా. 1950 కౌలు చట్టం కథ మొదలయ్యేది అక్కడే. అది వచ్చే ఎపిసోడ్‌లో.