కంకర, ఇసుక, జల్లెడ: కాంక్రీటు వెనుక కథ

ఒక కుంచం నిండా ఒకే కొలత గల కంకరరాళ్ళు పోస్తే అది నిండినట్లే కనిపిస్తుంది. కాని దానిలో ఇంకా చాలా ఇసుక పడుతుంది. ఇసుక పోసిన తరువాత నీరు కూడా కొంత పడుతుంది. నిండినదని తోచిన కుంచంలో నిజానికి నూటికి 40 నుండి 50 పాళ్ళు ఖాళీయే ఉన్నదన్నమాట. ఇందులో వింత యేమనగా, రాళ్ళు చిన్నవైనంత మాత్రాన ఖాళీ తగ్గదు. ఒకే పరిమాణం గల గోళీలు పోసినా, ఆవాలు పోసినా, సందులు చిన్నవో పెద్దవో అవుతాయి గాని వాటి మొత్తం దాదాపు ఒకటే. ఖాళీ తగ్గవలెనంటే పెద్దవాటి సందులలో చిన్నవి, చిన్నవాటి సందులలో మరీ చిన్నవి చేరవలెను. ఏ కొలత రేణువులు నూటికి ఎన్ని పాళ్ళున్నవో తెలిపే ఈ క్రమానికే ఇంజనీర్లు గ్రేడింగు అని పేరు పెట్టినారు. కాంక్రీటులో ముప్పాతిక భాగం వరకు కంకర, ఇసుకలే గనుక ఈ క్రమం మీద ఎంతో ఆధారపడి ఉన్నది.

మంచి ఇసుకను గుర్తించే విద్య చాలా పాతది. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దికి చెందిన రోమను వాస్తుశిల్పి విట్రూవియస్ తన గ్రంథంలో రెండు పరీక్షలు చెప్పినాడు. ఇసుకను చేతిలో నలిపితే కరకరమని చప్పుడు రావలెను. తెల్లని గుడ్డపై పోసి దులిపితే మట్టి మరక మిగలరాదు. మట్టి పనికిరాదనీ, గరుకుదనం కావలెననీ ఆనాటివారికి తెలుసు. కాని జల్లెడ పట్టి లెక్క వేసే పద్ధతికి ఇంకా చాలా కాలం పట్టినది.

1824లో ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్డిన్ పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు పొందినాడు. సిమెంటు ఖరీదైన వస్తువు. దానిని తక్కువగా వాడి గట్టి కట్టడం సాధించడమెట్లా అన్నది అప్పటినుండి ప్రశ్న అయినది. నేటికీ మేస్త్రీల నోట వినిపించే ‘ఒకటి, రెండు, నాలుగు’ అనే సూత్రం ఈ ప్రశ్నకు ఒక సులభమైన జవాబు. నాలుగు పాళ్ళ కంకరలో సగం ఖాళీ గనుక రెండు పాళ్ళ ఇసుక, ఆ ఇసుకలో సగం ఖాళీ గనుక ఒక పాలు సిమెంటు. లెక్క ముచ్చటగానే ఉన్నది. అయితే అన్ని కంకరలలోను ఖాళీ సరిగా సగమే ఉండదు, అన్ని ఇసుకలూ ఒక్క తీరువి కావు.

ఈ సంగతిని కొలిచి చూపిన తొలివారిలో ఫ్రాన్సు దేశపు ఇంజనీరు రెనే ఫెరే ముఖ్యుడు. బులోన్ రేవుపట్టణంలోని ప్రయోగశాలలో అతడు ఇసుకను లావు, నడిమి, సన్నం అని మూడు తరగతులుగా జల్లించి, వాటిని అనేక పాళ్ళలో కలిపి పరీక్షించినాడు. లావు రేణువులు ఎక్కువగాను, సన్నవి కొంతగాను ఉండి నడిమివి తక్కువైనప్పుడు ఇసుక బాగా దట్టంగా కూర్చుంటుందని తేలినది. 1890 తరువాతి దశకంలో అతడొక సూత్రం కూడా ఇచ్చినాడు. సిమెంటు ఘనపరిమాణాన్ని సిమెంటు, నీరు, గాలి, ఈ మూడింటి మొత్తంతో భాగించి, వచ్చినదానిని వర్గం చేస్తే గచ్చు బలం దానికి అనుపాతంగా ఉంటుంది. అనగా బలం విషయంలో మిగులు నీరు కూడా గాలి వలెనే ఖాళీ.

అమెరికాలో విలియం ఫుల్లర్, శాన్ఫర్డ్ థాంప్సన్ అనే ఇంజనీర్లు న్యూయార్కులోని జెరోం పార్కు జలాశయం వద్ద కాంక్రీటుపై పరీక్షలు జరిపి, 1907లో ఫలితాలను ప్రకటించినారు. అన్నిటికంటె దట్టమైన కాంక్రీటుకు ఏ కొలత రేణువులు ఎన్ని కావలెనో వారొక వక్రరేఖగా గీసినారు. ఆ రేఖ తరువాత వర్గమూలపు లెక్కగా వాడుకకు వచ్చినది. అతి పెద్ద రాయి 40 మిల్లీమీటర్లదైతే, దానిలో నాలుగోవంతైన 10 మిల్లీమీటర్ల జల్లెడగుండా సిమెంటుతో సహా సగం సరుకు దిగవలెను; 2.5 మిల్లీమీటర్ల జల్లెడగుండా నాలుగోవంతు దిగవలెను. పొడిగా ఉన్నప్పుడు దట్టంగా కూర్చున్న కంకర, సిమెంటు నీరు కలిపిన తరువాత కూడా అట్లే కూర్చుంటుందని నమ్మకం లేదని కూడా వారు గమనించినారు.

చిక్కు అక్కడనే వచ్చినది. ఆ రేఖననుసరించిన మిశ్రమం మొరటుగా ఉండి పారకు లొంగేది కాదు. పని సాగడం కోసం మరో బిందె నీరు పోస్తే దట్టం చేసిన శ్రమ వృథా అవుతుంది. నీటి అవసరానికి కారణం ఉపరితలం. ఒక సెంటీమీటరు ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దానిని మిల్లీమీటరు ముక్కలు చేస్తే వెయ్యి ముక్కలై, ఉపరితలం 60 అవుతుంది. బరువు పెరగలేదు, తడపవలసిన మేర మాత్రం పదింతలైనది. 1918లో ఎడ్వర్డ్స్ అనే ఇంజనీరు ఈ ఉపరితలాన్నే ఆధారంగా చేసుకొని పాళ్ళు నిర్ణయించే పద్ధతి సూచించినాడు.

అదే సంవత్సరం షికాగోలోని లూయిస్ ఇన్‌స్టిట్యూట్‌లో డఫ్ ఏబ్రమ్స్ అసలు ముడి విప్పినాడు. వేలకొలది పరీక్షల తరువాత అతడు చెప్పినదేమనగా, సరుకు ఒకే రకమైనదై, కాంక్రీటు పనికి అనువుగా ఉన్నంతవరకు, బలాన్ని నిర్ణయించేది నీటికి సిమెంటుకు గల నిష్పత్తి. సిమెంటుతో రసాయనికంగా కలిసే నీరు దాని బరువులో సుమారు నాలుగోవంతు మాత్రమే. మిగిలిన నీరు తన వెనుక సన్నని రంధ్రాలను విడిచిపోతుంది. గ్రేడింగు మంచిదైతే తక్కువ నీటితోనే పని సాగుతుంది. దాని మేలు ముఖ్యంగా ఇదే. కన్నాలు వరుసగా రెట్టింపయ్యే జల్లెడలను తీసుకొని, ఒక్కొక్క జల్లెడ కంటె పెద్దవైన రేణువులు మొత్తంలో నూటికెన్నో చూచి, ఆ అంకెలను కూడి 100తో భాగిస్తే వచ్చే సంఖ్యను ఏబ్రమ్స్ వాడుకకు తెచ్చినాడు. దీనిని సూక్ష్మతా గుణకం అనవచ్చును. సంఖ్య పెద్దదైతే సరుకు లావు. అయితే వేర్వేరు క్రమాలు గల ఇసుకలకు కూడా ఒకే సంఖ్య రావచ్చును గనుక ఇది ఒక్కటే చాలదు. 1933లో వేమత్ మరొక సంగతి చూపినాడు. సందులలో చేరే రేణువులు ఆ సందుకు మించినవైతే పెద్దరాళ్ళను ఎడంగా నెట్టివేస్తాయి.

మన దేశంలో 1952లో కాంక్రీటు కంకర, ఇసుకలకు ఐ.ఎస్. 383 అనే ప్రమాణం వెలువడినది. పేరులోనే అది ప్రకృతిసిద్ధమైన సరుకునకు చెందినదని ఉండేది. 1970 నాటి రూపంలో ఇసుక నాలుగు మండలాలుగా విభజింపబడినది. 600 మైక్రాన్ల జల్లెడగుండా నూటికి 35 నుండి 59 పాళ్ళు దిగేది రెండవ మండలం. 80కి పైగా దిగే అతి సన్నని ఇసుక నాలుగవది. యంత్రాలతో రాతినుండి చేసిన ఇసుకకు ఆ రూపంలోనే చోటున్నది; 2016లో సవరించినప్పుడు ప్రకృతిసిద్ధం కాని సరుకునకు కూడా అందులో చోటు లభించినది.

రాతినుండి చేసిన ఇసుక వాడకం తెలుగునాట బాగా కనిపిస్తున్నది. కృష్ణా గోదావరుల ఇసుక దొరకని చోట రోబో ఇసుక లారీలలో వస్తున్నది. ఏటి ఇసుక రేణువులను ప్రవాహం ఒరిపిడి పెట్టి నునుపు చేస్తుంది. యంత్రం విరిచిన రేణువుకు కోణాలుంటాయి, వెంట రాతిపొడి ఉంటుంది. పొడి మితంగా ఉంటే సందులు పూడుతాయి. మించితే నీరు అడుగుతుంది. రెండిటికీ ‘ఒకటి, రెండు, నాలుగు’ అనే పాత లెక్కనే పట్టుకొని, జారుడు చాలలేదని నీళ్ళు పోస్తూపోతే, స్లాబు చూడడానికి నునుపుగానే ఉంటుంది. లోపలి ఖాళీ మాత్రం తరువాతి సంవత్సరాలలో చెమ్మగాను, ఊచల తుప్పుగాను బయటపడవచ్చును. ఫెరే మొదలు వేమత్ వరకు అందరూ ఆశ్రయించిన పరికరం ఒక్కటే, జల్లెడ. ఇల్లు కట్టుకొనేవాడు కొత్త సరుకు దించుకొన్న రోజున దానిని ఒకసారి జల్లెడలపై పరీక్ష చేయించుకొంటే, ఆ ఖర్చు సిమెంటులో మిగిలే డబ్బు ముందు స్వల్పమే.